మేనరికం పెళ్లి, బావ గే అని బయటపడింది, ఇప్పుడు తప్పంతా మా చెల్లి మీద వేస్తున్నారు. ఏం చెయ్యాలి?

మహేంద్రతనయ_ఒడ్డు
మాది పర్లాకిమిడి. చెల్లిని సొంత మేనమామ కొడుక్కే ఇచ్చాం. పెళ్లి పాతపట్నంలో తాతగారి ఇంటి దగ్గర, కాపురం బరంపురంలో. నాలుగేళ్ల పాప ఉంది. పోయిన దీపావళికి ముందు బావ చెల్లిని కూర్చోబెట్టి, తనకు చిన్నప్పటి నుంచీ మగవాళ్లంటేనే ఇష్టమని, ఇక నటించడం తన వల్ల కాదని, విడిపోదామని చెప్పాడు. అక్కడితో ఆగినా ఒక రకం. ఆ మాట ఎక్కడ బయటికి వస్తుందోనని మామయ్య, అత్తయ్య ముందే ప్రచారం మొదలుపెట్టారు. మా పిల్లకి నోరెక్కువట, వండిపెట్టదట, మొగుణ్ణి దగ్గరికి రానివ్వదట. సంక్రాంతికి చెల్లి పుట్టింటికి వస్తే వెనకాలే వకీలు నోటీసు వచ్చింది. చెల్లే బావను మానసికంగా హింసించిందని అందులో రాశారు. అమ్మ తన తమ్ముడితో మాట మానేసింది. రాత్రుళ్లు నిద్రపోవడం లేదు.

నాకు ఒళ్లు మండిపోతోంది. బావ ఇంకో అబ్బాయితో చేసిన చాటింగ్‌ని చెల్లి ఫొటోలు తీసి పెట్టుకుంది. వాటిని మా కులం వాట్సాప్ గ్రూపులో పెట్టేసి, మామయ్య ఇంటిల్లిపాది మీదా 498ఏ వేద్దామనుకుంటున్నాను. ఏ కోర్టులో వెయ్యాలి? తెలిసినవాళ్లు చెప్పండి. నీతులు మాత్రం వద్దు.

పెద్దబజారు_అప్పడం
నీతులు వద్దంటే ఇక్కడ సగం మంది ఖాతా మూసుకోవాలి.

గుణుపురం_గుమస్తా
ముప్పై ఏళ్లుగా వకీళ్ల దగ్గర పనిచేస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ముందు ఆ ఫొటోలు గ్రూపులో పెట్టే ఆలోచన మానండి. అవి పెట్టిన మరుసటి రోజే కేసు మీ మీదకు తిరుగుతుంది. ఎవరికి ఎవరంటే ఇష్టం అనేది మనిషి సొంత విషయమని సుప్రీంకోర్టు 2017లోనే గోప్యత తీర్పులో చెప్పింది. పైగా "డబ్బు ఇవ్వకపోతే బయటపెడతాం" అని ఎవరైనా ఒక్క మెసేజ్ పంపినా అది బెదిరించి వసూలు చేయడం కిందకు వస్తుంది. ఆ ఫోన్ జాగ్రత్తగా దాచండి. చూపించాల్సింది జడ్జికి.

రెండోది, 498ఏ. 2024 జూలై 1 తర్వాత జరిగినవాటికి కొత్త న్యాయ సంహితలో అది 85. అది క్రూరత్వానికి సంబంధించిన కేసు. గే అయినందుకు పెట్టే కేసు కాదు. మీ అత్తయ్య తిట్టింది, కట్నం కోసం వేధించింది, కొట్టారు అని నిజంగా ఉంటే వెయ్యండి. లేనివి కలిపి ఆడపడుచునీ తోటికోడలినీ ఇరికిస్తే, రేపు కటక్‌లో హైకోర్టు వాళ్ల పేర్లు కొట్టేస్తుంది, మీ అసలు మాట కూడా తేలిపోతుంది. 2014 తీర్పు తర్వాత పోలీసులు వెంటనే అరెస్టు చేయడం కూడా లేదు.

మూడోది. ఏ కోర్టు అంటే, విడాకుల కేసైతే భార్య ఇప్పుడు ఎక్కడ ఉంటోందో అక్కడ వేయవచ్చు. 2003 సవరణ తర్వాత ఆ వెసులుబాటు ఉంది. కాబట్టి మీరు పర్లాకిమిడిలోనే వేసుకోవచ్చు. పెళ్లి ఆంధ్రాలో జరిగింది గనక పాతపట్నం వైపు కూడా వేయవచ్చు గానీ, వెయ్యకండి. ఒకరు ఆంధ్రాలో, ఒకరు ఒడిశాలో వేశారనుకోండి, కేసు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చాలంటే ఢిల్లీ దాకా పోవాలి.

పాతకాలం_మనిషి
ఇదంతా ఫోన్ల వల్ల వచ్చిన జబ్బు. మంచి డాక్టరుకు చూపించండి, కొన్నాళ్లు ఇద్దరినీ వేరే ఊళ్లో కాపురం పెట్టించండి. ఒక బిడ్డ పుట్టాక గే ఏమిటి నా మొహం.

నైట్_డ్యూటీ_నర్సు
పాతకాలం గారూ, ఇది జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే జాబితాలోంచి తీసేసింది. మన దేశంలో మానసిక వైద్యుల సంఘం 2018లో అదే చెప్పింది. మారుస్తామని చికిత్స పేరు పెట్టడం వృత్తిపరమైన తప్పిదమని జాతీయ వైద్య కమిషన్ 2022లో చెప్పింది. "మార్చేస్తా" అన్న డాక్టరు ఎవరైనా ఉంటే అతనే కేసులో ఇరుక్కుంటాడు.

తమ్ముడూ, ఇంకో మాట. కోపం తెచ్చుకోకు. చెల్లిని ఒకసారి జిల్లా ఆసుపత్రిలో ఐసీటీసీకి, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రానికి, తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించు. ఉచితం, పేరు బయటికి రాదు. గే అని కాదు. మొగుడికి ఎవరితోనైనా సరే బయట సంబంధం ఉందని తెలిసిన ప్రతి ఆడమనిషికీ నేను చెప్పే మాట ఇదే. గంజాం నుంచి సూరత్ పోయి వచ్చేవాళ్ల ఇళ్లలో ఎన్ని చూశామో.

పాతకాలం_మనిషి
మా రోజుల్లో ఇలాంటివి లేవు.

పెద్దబజారు_అప్పడం
మీ రోజుల్లో ఉన్నారు. పెళ్లి చేసుకుని, నలుగురు పిల్లల్ని కని, సాయంత్రం అవగానే "స్నేహితుడి దగ్గరికి" వెళ్లేవారు. మా తాత వీధిలో ఇద్దరు ఉండేవారని మా నాయనమ్మే చెప్పింది.

రుషికుల్య
నాకు ఇదే జరిగింది. ఛత్రపురంలో ఉంటాను, విడాకులై చాలా కాలమైంది. ఈ చర్చలో ఇప్పటిదాకా సెక్షన్లు, కోర్టులు, రక్తపరీక్షలు. ఆ అమ్మాయి ఏమంటోందో ఒక్కరూ అడగలేదు. అన్నయ్య పోస్టులో కూడా లేదు.

నా సంగతి చెబుతాను. మా ఆయన చెప్పినప్పుడు నాకు మొదట వచ్చింది కోపం కాదు, తేలిక. అన్నేళ్లూ నాలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. లావయ్యానని తిండి మానేశాను. చీరలు మార్చాను. అత్తగారు తారాతారిణి కొండకు మొక్కుకోమంటే మెట్లెక్కి మొక్కుకున్నాను. అసలు విషయం వేరే అని తెలిసేసరికి హమ్మయ్య అనిపించింది. ఆ తేలిక ఒక వారం కూడా నిలవలేదు. ఎందుకంటే ఆయనకు ఆ మాట రహస్యంగా ఉండాలి. రహస్యంగా ఉండాలంటే విడిపోవడానికి ఇంకో కారణం కావాలి. ఆ కారణం నేనయ్యాను.

ఇప్పుడు అందరూ "పాపం అతను ఎంత నరకం అనుభవించాడో" అంటారు. అనుభవించాడు, కాదనను. ఆ నరకంలో నన్ను కూడా సగం వాటాకి తీసుకొచ్చి, అడగకుండా తీసుకొచ్చి, చివరికి బిల్లు నా చేతిలో పెట్టాడు. బయటికొచ్చి ధైర్యవంతుడు అనిపించుకున్నాడు. నేను మాత్రం మా వీధిలో ఇప్పటికీ "మొగుణ్ణి నిలుపుకోలేనిది".

షోలాపూర్_చాదర్
అక్కా 🙏

సూరత్_రిటర్న్
రుషికుల్య గారూ, నేను అవతలి వైపు వాణ్ణి. ఈ సైట్లో చాలామందికి తెలుసు, దాపరికం ఏమీ లేదు. పెళ్లి చేసుకున్నాను, విడిపోయాను, గే ని.

మీరు రాసిన దాంట్లో ఒక్క దానికే ఒప్పుకోను. "అడగకుండా" అన్నది అందరి విషయంలో నిజం కాదు. మా ఇంట్లో నేను పెళ్లి వద్దని రెండేళ్లు మొండికేశాను. మా నాన్న మంచం పట్టాడు, అమ్మ తిండి మానేసింది, అన్నయ్య కొట్టాడు. కారణం చెప్పమంటే ఎలా చెప్పను? అప్పటికి 377 సెక్షన్ కింద మాలాంటివాళ్ల సంబంధం ఇంకా నేరమే. 2018 సెప్టెంబరులో తీర్పు వచ్చేదాకా ఒక పోలీసు మమ్మల్ని ఏ పార్కులో పట్టుకున్నా జేబు ఖాళీ చేసి పంపేవాడు. పెళ్లయితే అదే సర్దుకుంటుందని ఇంట్లో విషయం తెలిసిన ఒకే ఒక్క మనిషి, మా పెద్దనాన్న, అన్నాడు. నన్ను తోసినవాళ్లు చాలామంది. అయినా తాళి కట్టింది నా చెయ్యే, అందుకని ఆవిడకు జవాబు చెప్పాల్సిందీ నేనే. ఆ రెండూ ఒకేసారి నిజం.

విడిపోయేటప్పుడు నేను చేసింది ఒకటుంది. మా మామగారి ఇంటికి నేనే వెళ్లి, ఆయన ముందు, ఆవిడ పెద్దన్నయ్య ముందు చెప్పాను. "మీ అమ్మాయిలో లోపం లేదు, నాకు ఆడవాళ్లంటే ఆ ఇష్టం లేదు" అని. మామగారు చెంప మీద కొట్టారు. తిన్నాను. ఆయన ఆ తర్వాత ఒక్క కేసు కూడా వెయ్యలేదు.

రుషికుల్య
ఆ ఒక్క పని మా ఆయన చేసి ఉంటే నేను భరణం కూడా అడిగేదాన్ని కాదేమో.

గుణుపురం_గుమస్తా
భరణం మాత్రం వదులుకోకండి ఎవరూ. కోపం తగ్గాక అందరూ బాధపడేది అక్కడే.

మహేంద్రతనయ_ఒడ్డు
సూరత్ అన్నా, మీరు మంచివారే కావచ్చు. మా బావ అలా రాలేదు. వకీలు నోటీసు పంపాడు. నేను అతని మీద జాలి పడటానికి ఇక్కడికి రాలేదు.

సూరత్_రిటర్న్
జాలి పడమనలేదు తమ్ముడూ. నోటీసు రాయించింది అతనా, మీ మామయ్యా? అది మాత్రం కనుక్కో. చాలా ఇళ్లలో కొడుకు ఒప్పుకోవాలన్నా నాన్న ఒప్పుకోనివ్వడు. పరువు అంతా నాన్నదే కదా.

షోలాపూర్_చాదర్
మా షోలాపూర్‌లో పద్మశాలీలలో ఇలాంటిదే ఒకటి జరిగింది. పెద్దలు కూర్చుని వంద రూపాయల స్టాంపు పేపరు మీద విడాకులు రాయించేశారు. మరాఠీలో దాన్ని సోడ్‌చిఠ్ఠీ అంటారు. కారణం ఎవరికీ చెప్పలేదు, "ఇద్దరికీ పడలేదు" అని రాశారు, అందరూ సంతకాలు పెట్టారు, భోజనాలు చేసి వెళ్లారు. తర్వాత ఆ అమ్మాయికి నిజామాబాద్ నుంచి మంచి సంబంధం వచ్చింది. అటువైపు వాళ్ల వకీలు కాగితం చూసి, ఇది చెల్లదు, ఈమె ఇంకా పెళ్లైన మనిషే అన్నాడు. సంబంధం పోయింది. అప్పుడు మళ్లీ మొదటి నుంచి కోర్టు.

పెద్దబజారు_అప్పడం
భోజనాలు మాత్రం చెల్లాయి.

గుణుపురం_గుమస్తా
షోలాపూర్ తమ్ముడు చెప్పింది అందరూ గుర్తుపెట్టుకోండి. కుల ఆచారం ప్రకారం విడాకులు చెల్లుతాయని హిందూ వివాహ చట్టం 29(2)లో ఉన్న మాట నిజమే. కానీ ఆ ఆచారం తరతరాలుగా మీ కులంలో ఉందని కోర్టులో రుజువు చెయ్యాలి. స్టాంపు పేపరు మీద నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన పెళ్లి రద్దు కాదు.

మేనరికం గురించి కూడా చెప్పాలి. మహేంద్రతనయ గారూ, మీరు ఒడియా వకీలును పెట్టుకుంటే ఇది ముందే చెప్పండి. చట్టం ప్రకారం అన్నాచెల్లెళ్ల పిల్లలు, అక్కాతమ్ముళ్ల పిల్లలు పెళ్లి చేసుకోకూడని వరుసలో ఉన్నారు, ఆచారం ఉంటే తప్ప. మన తెలుగువాళ్లకు ఆ ఆచారం ఉంది కాబట్టి పెళ్లి చెల్లుతుంది. ఒడియావాళ్లకు ఇది వింత. ఒక కుర్ర వకీలు మా కక్షిదారుతో "అసలు మీ పెళ్లే చెల్లదు, విడాకులు ఎందుకు, చెల్లదని రాయించుకుందాం" అన్నాడు. దగ్గరి దారిలా కనిపిస్తుంది. ఆ దారిలో పోతే మీ చెల్లి ఇన్నాళ్లూ భార్యే కాదన్న మాట పడుతుంది, భరణం దగ్గర అవతలివాళ్లకు వాదన దొరుకుతుంది. అవతలి వకీలు కూడా ఈ మాట ఎత్తవచ్చు. తయారుగా ఉండండి.

మహేంద్రతనయ_ఒడ్డు
ఇది నాకు అస్సలు తెలియదు. మోసం చేసి పెళ్లి చేసుకున్నాడు కదా, దాని కింద పెళ్లి రద్దు చేయించవచ్చని ఒకాయన అన్నాడు. అది కూడా ఇంతేనా?

గుణుపురం_గుమస్తా
అది వేరే. హిందూ వివాహ చట్టం 12(1)(సి). ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించారని పెళ్లి రద్దు అడగవచ్చు. ఒక గడువు ఉంది. మోసం తెలిసిన రోజు నుంచి ఏడాది లోపు వెయ్యాలి. తెలిశాక ఇష్టపూర్వకంగా మళ్లీ కాపురం చేసి ఉండకూడదు. దీపావళికి తెలిసింది అన్నారు కాబట్టి సమయం ఉంది, కానీ వచ్చే దీపావళి దాకా పెద్దల పంచాయతీల్లో కూర్చోకండి. పాప హక్కుల గురించి భయం వద్దు. పెళ్లి రద్దయినా 16వ సెక్షన్ ప్రకారం పాప న్యాయమైన సంతానమే.

ఇక విడాకులే అయితే, "మొగుడు గే" అన్న పేరుతో చట్టంలో కారణం లేదు. క్రూరత్వం కింద వేస్తారు: దాచి పెళ్లి చేసుకోవడం, కాపురం చెయ్యకపోవడం, పైగా లేనిపోని నిందలు. మీకు వచ్చిన నోటీసులో అబద్ధపు ఆరోపణలు ఉన్నాయి చూశారా, అవే మీకు సాక్ష్యం.

జయపురం_మాస్టారు
నాది తిరగేసిన కథ. నా భార్య చెప్పింది నాకు, ఆమె తన స్నేహితురాలిని ప్రేమిస్తోందని. ఇద్దరూ ఒకే బడిలో టీచర్లు. మా తమ్ముళ్లు రగిలిపోయి, అక్రమ సంబంధం అని పిటిషన్ వేద్దాం అన్నారు. అది 2018 నుంచి నేరం కాదు గానీ విడాకులకు కారణంగా ఇంకా ఉంది. వకీలు కూడా సై అన్నాడు. పిటిషన్ చదివాను. నా పిల్లల తల్లి గురించి అందులో రాసినవి, పెద్దయ్యాక నా పిల్లలు ఆ కాగితాలు చదివితే ఎలా ఉంటుందో అనిపించి చింపేశాను.

ఊళ్లో మాటలు పడ్డాను. ఆడదానికి అన్నన్ని మాటలు అనరు అనుకుంటారు గానీ, మగవాడిని అనేది ఒక్కటే మాట, అది చాలు. మీకు అర్థమయ్యే ఉంటుంది.

పరస్పర అంగీకారంతో విడిపోయాం. పిల్లలు ఆమె దగ్గర, సెలవులకు నా దగ్గర. పండక్కి ముగ్గురూ ఫోన్ చేస్తారు. అంత తేలిగ్గా ఏమీ అవలేదు. మొదటి ఏడాది నేను ఆమెతో మాట్లాడలేదు.

పాతకాలం_మనిషి
పిల్లల్ని అలాంటి ఇంట్లో ఎలా వదిలారు మాస్టారూ?

జయపురం_మాస్టారు
వాళ్ల అమ్మ ఇంట్లో వదిలాను.

మహేంద్రతనయ_ఒడ్డు
నేనైతే పాపను బావకు చూపించను. రేపు కోర్టు కూడా అదే అంటుంది కదా, గే తండ్రి దగ్గరికి పంపొద్దని?

గుణుపురం_గుమస్తా
అనదు. అయిదేళ్లలోపు పాప మామూలుగా తల్లి దగ్గరే ఉంటుంది, ఆ దిగులు లేదు. తండ్రి చూడటానికి రావడాన్ని గే అన్న ఒక్క కారణంతో ఆపరు. బిడ్డ క్షేమం ఒక్కటే చూస్తారు. మీరు అడ్డుపడితే, పాపకు తండ్రిని దూరం చేస్తున్నారని రాసుకుంటారు.

నైట్_డ్యూటీ_నర్సు
పాప బావను అడుగుతోందా?

మహేంద్రతనయ_ఒడ్డు
రోజూ అడుగుతోంది. నిద్రపుచ్చేది అతనే.

రుషికుల్య
అన్నయ్యా, మళ్లీ అడుగుతున్నా. చెల్లి ఏమంటోంది?

అడ్మిన్
ఒక సభ్యుడు పెట్టిన జోకు తీసేశాం, మళ్లీ పెడితే ఖాతా పోతుంది. చాటింగ్ ఫొటోలు, పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ ఎవరూ పెట్టకండి. కుటుంబ కోర్టులో మూసిన గదిలో జరిగిన విచారణ సంగతులు అచ్చువేసినా జరిమానా ఉంది.

పెద్దబజారు_అప్పడం
ఆ జోకు నాది కాదని మనవి. నావి ఇంకా ఉన్నాయి చూసుకోండి.

మహేంద్రతనయ_ఒడ్డు
రెండు రోజులు రాలేకపోయాను. రుషికుల్య గారు అడిగింది చెల్లిని అడిగాను. అసలు అప్పటిదాకా నేనూ అమ్మా ఆమెను కూర్చోబెట్టి అడగలేదు, మేమే మాట్లాడుకుంటున్నాం.

ఆమెకు 498ఏ వద్దు. చాటింగ్ ఎక్కడా పెట్టొద్దంది, అసలు ఆ ఫోను నా చేతికి ఇచ్చినందుకే బాధపడుతోంది. కావాల్సినవి చెప్పింది. తన బంగారం, పెళ్లిలో పెట్టిన సామాను. పాప చదువు ఖర్చు. బీఈడీ పూర్తి చేసేదాకా నెలకు ఇంత అని. ఇవన్నీ మామూలే. చివరికి ఒకటి అంది, దాని దగ్గర ఏడ్చింది. "మామయ్య పెద్దల ముందు నిలబడి, నా కోడలి తప్పేమీ లేదు అని చెప్పాలి. కారణం చెప్పక్కర్లేదు. ఆ ఒక్క ముక్క చెప్పాలి" అంది.

అది ఆయన చచ్చినా చెప్పడు. నాకు తెలుసు.

రుషికుల్య
ఏమీ అడగలేదు ఆ పిల్ల. అందులో నేనేం చెప్పగలను.

పెద్దబజారు_అప్పడం
జోకు లేదు ఈసారి. మా బరంపురంలో ఠాకురాణీ యాత్ర వచ్చే ఏడు అయితే, పెద్దలు ఏ పంచాయతీనైనా "యాత్ర అయ్యాక చూద్దాం" అని వాయిదా వేస్తారు. యాత్ర రెండేళ్లకోసారి. ఇంకో గుడి, ఇంకో పండగ అంటూ సాగదీస్తే మీ ఏడాది గడువు మాయమవుతుంది. మీ మామయ్య ఆ ఆటే ఆడుతున్నాడేమో చూసుకోండి.

సూరత్_రిటర్న్
మామయ్య చెప్పకపోతే బావ చేత చెప్పించు. పెద్దల ముందు కాకపోయినా మీ అమ్మ ముందు. అతనికి ఆవిడ సొంత మేనత్త, చిన్నప్పుడు ఎత్తుకుని ఉంటుంది. వకీలు లేకుండా నువ్వు ఒక్కడివే వెళ్లి అడుగు, కానీ నువ్వు చెయ్యి ఎత్తితే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. "నీ సంగతి నేను ఎవరికీ చెప్పను. నువ్వు నా చెల్లి సంగతి అబద్ధం చెప్పించకు" అను. అంతకంటే ఎక్కువ మాట్లాడకు.

ఇంకోటి. అతను ఒంటరిగా ఉన్నాడేమో కనుక్కో. విషయం బయటపడిన మొదటి నెలల్లో నాకు చావాలనిపించింది. అతని కోసం కాకపోయినా ఆ పాప తండ్రి కదా. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేస్తే ఎవరో ఒకరు మాట్లాడతారు, తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. అది మీ అమ్మకు కూడా పనికొస్తుంది.

షోలాపూర్_చాదర్
సూరత్ అన్న చెప్పింది బాగుంది గానీ నాకు నమ్మకం లేదు. నోటీసులో అబద్ధాలు రాసినవాడు మీ అమ్మ కాళ్లు పట్టుకుని ఒప్పుకుంటాడా? ముందు జవాబు నోటీసు పంపండి, తర్వాత మాటలు. మాటల మీద ఉంటే మెత్తగా ఉన్నారనుకుంటారు.

గుణుపురం_గుమస్తా
రెండూ ఒకేసారి చెయ్యవచ్చు. జవాబు నోటీసు పంపండి, అందులో ఆరోపణలన్నీ అబద్ధమని మాత్రం రాయండి. అసలు కారణం రాయకండి. "నిజమైన కారణం ఇరువర్గాలకూ తెలుసు, అవసరమైతే కోర్టులో చెబుతాం" అని ఒక వాక్యం చాలు. మీ మామయ్యకు అర్థమవుతుంది. అది బెదిరింపు కాదు, డబ్బు అడగడం లేదు.

తర్వాత పరస్పర అంగీకారానికి వస్తారు, నేను చూసినవాళ్లలో ఎక్కువమంది వచ్చారు. 13బీ ప్రకారం ఏడాది విడిగా ఉండాలి, మొదటి పిటిషన్ తర్వాత ఆరు నెలలు ఆగాలి. అన్నీ తేలిపోయి ఉంటే ఆ ఆరు నెలలు జడ్జి మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. ఈలోపు ఖర్చులకు కొత్త నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 144 కింద, పాత సీఆర్‌పీసీలో అది 125, భరణానికి వెయ్యండి. ఇద్దరూ ఆస్తులు, అప్పులు, జీతం అఫిడవిట్‌లో చూపించాలని 2020 తీర్పు. బావ జీతం దాచలేడు. వకీలు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవా సంస్థకు వెళ్లండి, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచితం. హెల్ప్‌లైన్ 15100.

మహేంద్రతనయ_ఒడ్డు
చెల్లి అడిగిన ఆ మాట కాగితం మీద రాయించవచ్చా? ఉమ్మడి పిటిషన్‌లో?

గుణుపురం_గుమస్తా
రాయించవచ్చు. మేము రాశాం. ఒప్పంద పత్రంలో "భార్య ప్రవర్తన విషయంలో భర్తకు, అతని కుటుంబానికి ఏ ఫిర్యాదూ లేదు, పంపిన నోటీసులోని ఆరోపణలను ఉపసంహరించుకుంటున్నారు" అని. కింద భర్త సంతకం, సాక్షిగా మీ మామయ్య సంతకం. కారణం ఎక్కడా ఉండదు. ఆ కాగితం రేపు ఎవరు అడిగినా చెల్లి చూపించుకోవచ్చు. మామయ్య పెద్దల ముందు నోరు తెరవకపోయినా సంతకం పెడతాడు, ఎందుకంటే అవతలి వైపు మీరు "ఈ విషయం బయట చెప్పం" అని సంతకం పెడతారు. అది ఆయనకు కావాలి.

ఇక్కడి కోర్టుల్లో తెలుగు కాగితం ఇస్తే అనువాదం అడుగుతారు. అందుకని ఒప్పందం ఇంగ్లీషులో రాయించి, చెల్లికి తెలుగులో చదివి వినిపించండి. చదవకుండా సంతకం పెట్టనివ్వకండి.

పాతకాలం_మనిషి
నాకు ఇంకా ఇదంతా మింగుడుపడటం లేదు. కానీ ఆ పిల్ల మీద నింద వెయ్యడం మాత్రం అన్యాయం. సొంత మేనకోడలు. మేనమామ ఆ పని చెయ్యకూడదు.

రుషికుల్య
పాతకాలం గారితో నేను ఏకీభవించిన రోజు కూడా వచ్చింది.

జయపురం_మాస్టారు
"బయట చెప్పం" అన్న షరతు దగ్గర ఒక జాగ్రత్త. చెల్లి తన స్నేహితురాలికో, డాక్టరుకో, రేపు మళ్లీ పెళ్లి చేసుకునే మనిషికో చెప్పుకునే వీలు ఉండాలి. లేకపోతే బతికినన్నాళ్లూ నోరు కుట్టుకుని ఉండాలి. నా ఒప్పందంలో అది వదిలేశారు, తర్వాత ఇబ్బందైంది.

గుణుపురం_గుమస్తా
మాస్టారు మంచి మాట చెప్పారు. రాయించండి.

మహేంద్రతనయ_ఒడ్డు
బావకు నిన్న ఫోన్ చేశాను. ఎత్తాడు. నోటీసు తను చదవనే లేదట, మామయ్య సంతకం పెట్టమంటే పెట్టాడట. నమ్మాలో లేదో తెలియదు. ఆదివారం ఇచ్ఛాపురంలో కలుద్దామన్నాడు, బరంపురంలో వద్దట, ఎవరైనా చూస్తారని. అమ్మ కూడా వస్తానంది. నేను వద్దన్నాను, వింటే కదా.

సూరత్_రిటర్న్
అమ్మను తీసుకెళ్లు.

షోలాపూర్_చాదర్
జవాబు నోటీసు మాత్రం శనివారం లోపు పోస్టులో పడాలి. స్పీడ్ పోస్టు, రసీదు దాచుకో.

మహేంద్రతనయ_ఒడ్డు
సరే. ఇంకో చిన్న సందేహం. చెల్లి బంగారం బరంపురంలో బ్యాంకు లాకరులో ఉంది, ఇద్దరి పేర్ల మీద. తాళం చెవి చెల్లి దగ్గరే ఉంది. ఆమె ఒక్కతే వెళ్లి తీయవచ్చా?

గుణుపురం_గుమస్తా
లాకరు ఒప్పందంలో "ఇద్దరిలో ఎవరైనా" అని ఉంటే తీయవచ్చు, "ఇద్దరూ కలిసి" అని ఉంటే కుదరదు, ముందు అది ఫోన్ చేసి కనుక్కోండి. తీసేది తనకు పుట్టింటివాళ్లు, అత్తింటివాళ్లు పెట్టినవి మాత్రమే. అత్తగారివి ఏమైనా కలిసి ఉంటే అక్కడే వదిలేయమనండి. ప్రతి వస్తువూ ఫొటో తీసి, పెళ్లి ఫొటోలతో సరిపోల్చి జాబితా రాయండి. వచ్చేది రెండో శనివారం, బ్యాంకు ఉండదు. శుక్రవారం పొద్దున్నే వెళ్లండి.